పిల్లాడి పేరు మీద బాకీ: మైనర్ల మద్యంపై ఊరి యువత పోరు (స్టూడియో చర్చ)

యాంకర్: నమస్కారం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదని చట్టం. అయినా పదో తరగతి పిల్లల పుట్టినరోజులు ఊరి చివర తోటల్లో సీసాలతో జరుగుతున్నాయి. కొన్నిచోట్ల దీన్ని ఆపే పని కుర్రవాళ్లే తలకెత్తుకున్నారు. నిజామాబాద్ జిల్లాలో ఒక గ్రామ యువజన సంఘంలో పనిచేస్తున్న డిగ్రీ విద్యార్థిని, ఒక విశ్రాంత ఎక్సైజ్ అధికారి, ఒక మానసిక వైద్యురాలు ఇవాళ మనతో ఉన్నారు. చెప్పమ్మా, మీరు ఎక్కడ మొదలుపెట్టారు?

విద్యార్థిని: నమస్తే అన్నా. ర్యాలీలు, ప్రతిజ్ఞలు మా ఊర్ల ఇదివరకే చాన అయినయి. మేం నోటుబుక్కు పట్టుకొని మొదలుపెట్టినం. మందు ఎక్కడ దొరుకుతుంది, మొదటిసారి ఎవరిచ్చిన్రు అని బడి పిల్లలను, ఇంటర్ పిల్లలను అడిగినం. పేర్లు రాయలే. ఒక్కరు గూడ వైన్స్‌కు పోయిన అని చెప్పలే. అంత కిరాణ కొట్లనే. బియ్యం బస్తాల ఎనక పెడతరు, క్వార్టర్ మీద ఇరవయ్యో ముప్పయ్యో ఎక్కువ తీసుకుంటరు.

యాంకర్: పిల్లలు వస్తే అడగరా?

విద్యార్థిని: అడగరన్నా. ఎందుకంటె చానమంది పిల్లలు మొదటిసారి సీసా పట్టుకున్నది నాయిన కోసం తేవడానికి. నాయిన పంపిండు కదా అని ఇస్తరు. రెండు మూడేండ్లకు అదే పిలగాడు తన కోసం కొన్నా గట్లనే ఇస్తరు. తొమ్మిదో తరగతి పిలగాడు ఒకడు చెప్పిండు, కొట్టాయన బాకీ పుస్తకంల వాని పేరే ఉన్నదట. నాయిన పేరు గాదు, వాని పేరు.

అధికారి: ఇది చాలా తీవ్రమైన విషయం. బాల న్యాయ చట్టం 2015లో 77వ సెక్షన్ చూడండి. వైద్యుడు చెప్తే తప్ప, 18 ఏళ్లలోపు పిల్లలకు మద్యం ఇచ్చినా ఇప్పించినా ఏడేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. మద్యం అమ్మడానికో మోయడానికో పిల్లల్ని వాడుకుంటే 78వ సెక్షన్, అదే శిక్ష. ఊళ్లలో దీన్ని ఎవరూ నేరంగా అనుకోరు. "బుడ్డోడా, పోయి తీసుకురా" అంటే ఇంటి పనుల్లో ఒకటి, అంతే.

యాంకర్: మరి ఈ బెల్టుషాపులు మూతపడవేం సర్?

అధికారి: బెల్టుషాపుకు లైసెన్సే ఉండదు. కానీ అందులో సరుకు ఎక్కువగా లైసెన్సు దుకాణం నుంచే పెట్టెలకు పెట్టెలు వెళ్తుంది. ఊళ్లో చిన్న కొట్టును పట్టుకుంటే వారానికి ఇంకో కొట్టు తెరుస్తారు. సీసా మూత మీద హోలోగ్రామ్ లేబుల్ ఉంటుంది. దాన్ని బట్టి ఏ డిపో నుంచి ఏ దుకాణానికి వెళ్లిందో శాఖ చూడగలదు. యువతకు నేను చెప్పేది ఇదే: ఫిర్యాదు ఇస్తే లేబుల్ ఫొటో జతచేయండి, లిఖితంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. అప్పుడు విచారణ పెద్ద దుకాణం దాకా వెళ్తుంది.

విద్యార్థిని: సర్, మా దిక్కు ఇంకో సంగతున్నది. కొన్ని ఊర్లల్ల బెల్టుషాపును ఊరి కమిటీయే వేలం పెడుతది. ఎక్కువ పాడినోళ్లే ఊర్ల అమ్మాలె. ఆ పైసలు గుడికి, బోర్లకు పోతయి. అసొంటి కాడ ఎవరి మీద ఫిర్యాదు ఇయ్యాలె? మేం మీటింగుల లేస్తే ఒక పెద్దమనిషి, "గుడి పైసలు మీరిస్తరా?" అన్నడు.

యాంకర్: ఏం చెప్పారు?

విద్యార్థిని: వాదన పెట్టుకోలే. నోటుబుక్కు తీసి చదివినం. "తొమ్మిదో తరగతి. నాయిన కోసం పోయిన. బాకీ నా పేరు మీద ఉన్నది." "ఏడో తరగతి. గణేశ్ నిమజ్జనంల డీజే బండి కాడ అన్నలు తాపిచ్చిన్రు." గట్ల ఒక్కొక్కటి. మహిళా సంఘం అమ్మలను ముందుగాలనే పిలిచినం. సగం చదవకముందే వాళ్లే లేచిన్రు. ఈ ఏడు వేలం కాలే. చాటుగ ఇంకో ఇంట్ల అమ్మకం నడుస్తనే ఉన్నది, కానీ బడి పిల్లలకు ఇయ్యాలంటె భయపడుతున్రు.

అధికారి: వింటుంటే దూబగుంట గుర్తొస్తోంది. నెల్లూరు జిల్లాలోని ఆ ఊళ్లో అక్షర దీపం అనే అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లే సారా దుకాణాల మీదికి వెళ్లారు. ముందుండి నడిపిన రోసమ్మ పేరు అందరికీ తెలుసు. 1993లో సారా ఆగింది, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు. ప్రభుత్వాల నిర్ణయాలు మారతాయి. అక్కడ కూడా మొదలు ఇలాగే, అక్షరం నేర్చుకుంటూ తమ ఇంటి సంగతి పైకి చెప్పుకోవడంతో.

యాంకర్: డాక్టరుగారూ, ఒకసారి రుచి చూస్తే ఏమవుతుందిలే అంటారు చాలామంది.

వైద్యురాలు: ఏ వయసులో మొదలైందన్నదే అసలు సంగతి. అమెరికాలో 1997లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, 15 ఏళ్లలోపు తాగడం మొదలుపెట్టినవాళ్లలో సుమారు 40 శాతం ఎప్పుడో ఒకప్పుడు మద్యానికి బానిసలైనట్టు తేలింది. 20 దాటాక మొదలుపెట్టినవాళ్లలో అది 10 శాతం. మెదడులో ఆలోచించి ఆగే భాగం ఇరవైల మధ్య దాకా ఎదుగుతూనే ఉంటుంది. మన దేశంలో 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో దాదాపు 30 లక్షల మంది తాగుతున్నారని 2019 జాతీయ సర్వే అంచనా.

యాంకర్: తాగుతున్న పిల్లల్ని పట్టుకుని వీడియో తీసి గ్రూపుల్లో పెడుతున్న యువకులు కూడా ఉన్నారు. దానివల్ల భయం ఉంటుందంటున్నారు.

వైద్యురాలు: దయచేసి ఆ పని చెయ్యకండి. పరువు పోయిందని పిల్లాడు ఇంట్లోంచి వెళ్లిపోతే, ప్రాణం మీదికి తెచ్చుకుంటే ఎవరిది బాధ్యత? ఇలాంటి కేసుల్లో పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని అదే బాల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ నిషేధిస్తుంది. ఈ అమ్మాయి వాళ్లు పేర్లు రాయలేదు, అందుకే పిల్లలు నిజం చెప్పారు. మాలాంటి వాళ్లం అడిగితే తల వంచుకుని కూర్చుంటారు. నాలుగేళ్లు పెద్దయిన అక్కకో అన్నకో చెప్తారు. సాయం కావాలంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యొచ్చు.

యాంకర్: అమ్మకం ఆపితే సరిపోతుందా?

వైద్యురాలు: పిల్లల సాయంత్రాలు ఖాళీగా ఉంటే అమ్మకం ఆపడం ఒక్కటే చాలదు. ఐస్‌లాండ్‌లో 1998లో 15, 16 ఏళ్లవాళ్లలో 42 శాతం మంది అంతకుముందు నెలలో మత్తెక్కేలా తాగామన్నారు. 2016కు అది 5 శాతానికి పడింది. ఆటలు, సంగీతం నేర్చుకోవడానికి అక్కడ డబ్బు సాయం చేశారు, తల్లిదండ్రులు రాత్రిళ్లు వీధుల్లో తిరిగి చూశారు.

విద్యార్థిని: మేం అడిగేది గూడ అదే మేడం. బడి గ్రౌండు సాయంత్రం తెరిచి ఉంచాలె, రెండు లైట్లు పెట్టాలె. కబడ్డీ మేమే ఆడిపిస్తం. హెడ్‌మాస్టర్ సారు సరే అన్నరు.

యాంకర్: పంచాయతీ?

విద్యార్థిని: కరెంటు బిల్లు ఎవరు కట్టాలె అన్న కాడ ఆగింది. వచ్చే గ్రామసభల మళ్ల అడుగుతం. అమ్మలు గూడ వస్తమన్నరు.