ఎడం చెయ్యి చూడండి

సభలో ఉన్న పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ కుర్రాళ్లకు నమస్కారం. ముందు వరసలో ఇంకా రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండి నాయనా, మొహమాటపడకండి.

నేను 31 ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పాను. రోజూ పొద్దున్నే హాజరు పట్టీ తీసి పేర్లు పిలవడం నా పని. సూర్యకుమారులు, సూర్యకళలు చాలామంది ఉండేవాళ్లు. చంద్రకాంతం అని ఒకమ్మాయి ఉండేది. సూర్యకాంతం మాత్రం ఒక్కర్తీ లేదు. నిజానికి ఎంత మంచి పేరండీ అది! ఎండ తగిలితే నిప్పు పుట్టించే రాయిని సూర్యకాంత శిల అంటారు. మన కావ్యాల్లో కవులు ముచ్చటపడి వాడుకున్న మాట. మా అమ్మమ్మల తరంలో ఆడపిల్లలకి ఆ పేరు పెట్టుకునేవారు. తరవాత ఒక్క మనిషి, మన సినిమాల గయ్యాళి అత్త సూర్యకాంతం గారు, దాన్ని తీసుకుని మళ్లీ ఇంకెవరికీ దక్కకుండా చేసేసింది. హీరోయిన్ల పేర్లు పిల్లలకి పెట్టుకోవడం మనకి అలవాటే. నటన మరీ బాగుండటం వల్ల ఒక పేరు ఊళ్లలోంచి మాయమైపోయింది అన్నది మాత్రం ఈవిడ విషయంలోనే విన్నాను.

ఆవిడ మన కాకినాడ దగ్గరి వెంకటకృష్ణరాయపురంలో 1924 అక్టోబరు 28న పుట్టారు. తల్లిదండ్రులకి 14వ సంతానం. చిన్నప్పుడే పాటా ఆటా వంటబట్టాయి. ఆ రోజుల్లో కాకినాడలో నాటకం గాలి గట్టిగా వీచేది. ఎస్వీ రంగారావు, అంజలీదేవి ఆ గాలిలోంచే మద్రాసు వెళ్లారు. ఈవిడా వెళ్లారు. 1946లో ‘నారద నారది’లో చిన్న వేషం. జెమినీ వారి ‘చంద్రలేఖ’లో డ్యాన్సర్ల గుంపులో నెలకి 65 రూపాయల జీతం. చాలదని నిలబడి అడిగితే 75 చేశారని చెప్పుకుంటారు. అప్పటికింకా ఏ గయ్యాళి వేషమూ వెయ్యలేదు, కానీ జీతం బేరం చూడండి!

ఆవిడ మద్రాసు వెళ్లింది మటుకు అత్తగారవుదామని కాదు. అందరిలాగే హీరోయిన్ అవుదామని. ‘సౌదామిని’లో ఆ అవకాశం చేతిదాకా వచ్చింది. ఇంతలో కారు ప్రమాదం, మొహానికి దెబ్బ. వేషం పోయింది. ఆ తరవాత వచ్చింది ఎల్వీ ప్రసాద్ గారి ‘సంసారం’, 1950 ఆఖర్లో. అందులో కోడలి వేషం వేసిన లక్ష్మీరాజ్యాన్ని కాల్చుకుతినే అత్త. ఆవిడకి అప్పుడు 26 ఏళ్లు. కొడుకు వేషం వేసిన రామారావుగారు ఆవిడకంటే ఏడాదిన్నర పెద్ద! ఆవిడకి పెళ్లయింది కూడా ఆ ఏడాదే. ఇంట్లో కొత్త కోడలు, తెర మీద ముసలి అత్త.

వయసుల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. 1957లో ‘మాయాబజార్’లో ఆవిడ హిడింబి, రంగారావుగారు ఆవిడ కొడుకు ఘటోత్కచుడు. కొడుకు తల్లికంటే ఆరేళ్లు పెద్ద. అయిదేళ్లు తిరిగేసరికి ‘గుండమ్మ కథ’లో ఇద్దరూ వియ్యాలవారు. ఎక్కడైనా మనకి తేడా అనిపించిందా? లేదు. అంతటి ఆజానుబాహుడు ఆవిడ ముందు నిలబడి అమ్మా అంటే కొడుకులాగే కనిపించాడు. ఆ హిడింబిని ఒకసారి శ్రద్ధగా చూడండి. రాక్షసి వేషం కదా, అరుపులతో నింపెయ్యొచ్చు. ఆవిడ అలా చెయ్యలేదు. సుభద్ర కష్టంలో ఉండి ఇల్లు చేరితే, దగ్గరికి తీసుకునే పెద్ద తోటికోడలిలాగా చేసింది. గయ్యాళి వేషం తప్ప ఆవిడకి ఇంకేమీ రాదనేవాళ్లకి నేను చూపించేది ఆ పాత్రే.

ఇక అసలు సంగతికి వస్తాను. గట్టిగా అరవడమే గయ్యాళితనమైతే, మా వీధి కుళాయి దగ్గర రోజుకి పది మంది సూర్యకాంతాలు తయారవుతారు. ఆవిడ చేసింది వేరు. మొదట ఆ ఎడం చెయ్యి. ఆవిడది ఎడం చేతి వాటం. మన ఇళ్లల్లో పిల్లాడు ఎడం చేత్తో అన్నం ముద్ద పట్టుకుంటే తల్లి చేతి మీద ఒక్కటేస్తుంది. ఎడం చేత్తో ఎవరికైనా ఏదైనా ఇస్తే అది అవమానం. ఎదుటి మనిషి మొహం మీద ఎడం చెయ్యి తిప్పుతూ మాట్లాడితే ఇంక చెప్పక్కర్లేదు. అలాంటి చేతిని ఆవిడ దాచుకోలేదు. నడుం మీద కుడి చెయ్యి వేసి, ఎడం చేతి వేళ్లు విప్పి ఇలా... ఇలా ఒక్క తిప్పు తిప్పితే, హాల్లో కూర్చున్న కోడళ్లందరికీ ఒళ్లు మండిపోయేది. డైలాగు ఇంకా మొదలుకాలేదు, అప్పటికే మనం ఆవిడ మీద కోపంతో ఉన్నాం. ఏ దర్శకుడు నేర్పితే వస్తుందండీ అది?

తరవాత గొంతు. ‘గుండమ్మ కథ’లో సవతి కూతురు లక్ష్మి, సొంత కూతురు సరోజ. లక్ష్మి సావిత్రి, సరోజ జమున. లక్ష్మితో మాట్లాడేటప్పుడు గొంతు బొగ్గుల కుంపటి. అదే గుక్కలో సరోజ వైపు తిరిగితే బెల్లం పాకం. మధ్యలో ఊపిరి తీసుకోదు. నవ్వు అక్కడ పుడుతుంది. మనందరికీ అలాంటి పెద్దమ్మో మేనత్తో ఉంది కాబట్టి ఆ తిరగడం చూసి నవ్వుతాం. ఇంకోటి గమనించండి, సరోజ అంటే గుండమ్మకి ప్రేమ ఎంతో భయమూ అంతే. సొంత కూతురు గదమాయిస్తే నోరు మూసుకుంటుంది. భర్త లేని మనిషి, చేతిలో ఉన్నది ఆ ఇల్లు, ఆ పెత్తనం. అవి జారిపోతే తను ఎవరికీ ఏమీ కాదు. కథలో ఆ మాట ఎవరూ విడమరిచి చెప్పరు. కళ్లు అటూ ఇటూ కదిపి ఆవిడే చెప్పేస్తుంది.

‘గుండమ్మ కథ’ 1962 జూన్ 7న విడుదలైంది. రామారావుగారికి నూరో సినిమా, నాగేశ్వరరావుగారికి తొంభై తొమ్మిదోది. సావిత్రి, జమున, రంగారావు, రమణారెడ్డి అందరూ ఉన్నారు. అంతమంది ఉండగా పోస్టరు మీద పేరు ఎవరిది? సూర్యకాంతం పాత్రది. కన్నడ మూలంలోని గుండమ్మ పేరునే విజయావారు ఇక్కడా ఉంచేశారు. ఆవిణ్ణి గయ్యాళిగా చూపించడానికి ప్రత్యేకంగా సీన్లు అక్కర్లేదు, తెర మీద సూర్యకాంతం కనిపిస్తే జనానికి అర్థమైపోతుందని నిర్మాత చక్రపాణిగారు అన్నట్టు చెప్పుకుంటారు. చమత్కారంగా అన్నా అందులో పొదుపుంది. డి.వి. నరసరాజుగారి మాటలు చూడండి, గుండమ్మ నోట తిట్ల దండకాలేమీ లేవు. అందుకే 60 ఏళ్లు దాటినా ఆ సినిమా ఇంటిల్లిపాదీ కలిసి చూస్తున్నాం.

ఆ సినిమా రెండో సగంలో ఛాయాదేవిగారు దుర్గమ్మగా దిగుతారు. ఇంటి పెత్తనం లాక్కుని గుండమ్మనే నానా తిప్పలూ పెడతారు. ఛాయాదేవి కూడా గొప్ప నటి, కానీ ఆవిడ కర్కశత్వంలో నవ్వు ఉండదు, చూస్తుంటే నోరు ఎండిపోతుంది. అప్పటిదాకా గుండమ్మకి బుద్ధి రావాలని కాచుకుని ఉన్న మనమే, ఆవిడ అలా డీలాపడి కూర్చుంటే అయ్యో పాపం అంటాం. చివరికి ఆదుకోడానికి లక్ష్మే రావాలి. మా అమ్మ ఈ సినిమా ఎన్నిసార్లు చూసినా అక్కడికి వచ్చేసరికి కొంగుతో కళ్లు ఒత్తుకునేది. మా నాయనమ్మ బతికున్నన్నాళ్లూ ఆవిడ సాధింపులన్నీ పడిన మనిషి మా అమ్మ. ఎవరి కోసం ఏడ్చిందో నేను అడగలేదు.

ఇన్ని మంచి మాటలు చెప్పాను కాబట్టి ఒక ఫిర్యాదు కూడా చెప్పనివ్వండి, ఆవిడ మీద కాదు, మన సినిమావాళ్ల మీద. ఒకసారి గయ్యాళి అత్త పండిందనేసరికి అదే చీర మార్చి మార్చి కట్టించారు. ‘తోడికోడళ్లు’లో రేలంగి పక్కన ఆవిడ వేసిన అనసూయలో ఒక మనిషి కనిపిస్తుంది. డెబ్బయిల్లోకి వచ్చేసరికి చాలా సినిమాల్లో మనిషి పోయి కేక మిగిలింది. 1980లో ఏకంగా ‘గయ్యాళి గంగమ్మ’ అనే తీశారు. పైగా ఆ కథలన్నిటిలోనూ మొగుడు పాపం నోట్లో నాలుక లేనివాడు. ఇంట్లో తప్పంతా ఆడదానిది, ఆయనగారు పేపరు చదువుకుంటూ ఉంటాడు. ఆ లెక్కలో ఎక్కడో తేడా ఉంది. మగవాళ్లు నవ్వుతున్నారు, నవ్వండి, పరవాలేదు.

బయట ఆవిడ ఎలాంటిదో సినిమా వాళ్లంతా ఒకే మాట చెబుతారు. షూటింగుకి వచ్చేటప్పుడు ఇంటి దగ్గర వండిన పులిహోరా, పిండివంటలూ క్యారియర్లలో తెచ్చి యూనిట్ మొత్తానికి పెట్టేవారట. పొద్దున తెర మీద సావిత్రిని అన్నానికి ఏడిపించి, మధ్యాహ్నం అదే సావిత్రికి కొసరి కొసరి వడ్డించడం అన్నమాట. ఒకప్పుడు బొంబాయిలో హీరోయిన్ వేషం వస్తే, అది ఇంకో అమ్మాయిని తీసేసి తనకిస్తున్నారని తెలిసి వద్దన్నారని కూడా చెబుతారు.

పిల్లలు లేరు, అక్కగారి అబ్బాయిని పెంచుకున్నారు. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. పద్మ అవార్డు రాలేదు. 1994లో ‘ఎస్.పి. పరశురాం’ దాకా నటిస్తూనే ఉన్నారు. అదే ఏడాది డిసెంబరులో మద్రాసులో పోయారు. అరవై ఏళ్లు దాటిన సినిమాల్లోని మాట ఇవాళ్టికీ మా వీధిలో వాడుకలో ఉంది. పక్కింటావిడ గొంతు లేస్తే చాలు, ‘సూర్యకాంతం బయల్దేరింది’ అంటారు. ఆ అనేవాళ్లలో ఆవిడ సినిమా ఒక్కటీ పూర్తిగా చూడని పిల్లలున్నారు.

ఇంక నేను ఆపాలి, ప్రొజెక్టరు అబ్బాయి అప్పట్నించీ గడియారం చూసుకుంటున్నాడు. ఇప్పుడు ‘గుండమ్మ కథ’లోంచి ఓ పావుగంట వేస్తారు. నాదొక మనవి. ఈసారికి రామారావుగార్ని, సావిత్రిని కాస్త పక్కన పెట్టండి. డైలాగు కూడా వినకపోయినా పరవాలేదు, అది మీకు నోటికి వచ్చినదే. ఆ ఎడం చెయ్యి ఒక్కటీ చూడండి. బాబూ, లైట్లు ఆర్పెయ్.