పార్కులో విల్లు, పెరట్లో జింక: ఫెయిర్‌ఫాక్స్ వేట కబుర్లు

హోస్ట్: అన్నా, ముందు నా గోల వినండి. మా పెరట్లో వంగ మొక్క ఒక్కటీ మిగల్లేదు. పొద్దుగూకితే ఐదు జింకలు చుట్టాల్లా దిగుతాయి. మీరేమో వేటకు చోటే దొరకదంటారు!

అతిథి: (నవ్వు) జింకలున్న చోటే ఇళ్లున్నాయి తమ్ముడూ, అదే చిక్కు. మొదటి ఏడాది మ్యాపులో అడవి అనుకున్నదల్లా ఏదో ఒక హెచ్‌ఓఏ, అంటే ఇళ్ల యజమానుల సంఘం, స్థలమే అయింది.

హోస్ట్: మా నాన్నకి చెబితే పోలీసులు పట్టుకెళ్తార్రా అన్నారు.

అతిథి: ఇండియాలో అయితే నిజమే, 1972 వన్యప్రాణి చట్టం ఉంది. ఇక్కడ అమెరికాలో, వర్జీనియాలో, జింకల్ని తినే తోడేళ్లు ఏనాడో పోయాయి. అందుకే జింకల్ని తగ్గించడానికి ఫెయిర్‌ఫాక్స్ కౌంటీయే, అంటే మన జిల్లా లాంటిదే, విల్లు వేట పెడుతుంది, సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, పార్కుల్లోనే. లైసెన్సు, బ్యాక్‌గ్రౌండ్ చెక్, గురి పరీక్ష అన్నీ ఉంటాయి. చెట్టుకు కట్టిన స్టాండ్ ఎక్కే వెయ్యాలి. ఎందుకో చెప్పు?

హోస్ట్: జింకకు కనపడకుండా?

అతిథి: అదీ ఉందిలే. పైనుంచి వేస్తే తప్పిన బాణం నేలలో దిగుతుంది. జనం వాకింగ్‌కి వస్తూనే ఉంటారు, పార్కు మూయరు కదా.

హోస్ట్: హెచ్-1బీ వాళ్ల సంగతి?

అతిథి: తాత్కాలిక వీసా మీదున్నవాళ్లు తుపాకీ పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. అయినా లాయర్ని అడక్కుండా ఆ జోలికి పోవద్దంటాను. ఈ చట్టం తుపాకుల గురించే, విల్లుకు ఆ తలనొప్పి లేదు.

హోస్ట్: ప్రైవేటు స్థలాలో?

అతిథి: నన్నడిగితే అసలు వేట అక్కడే. ఆన్‌ఎక్స్ యాప్‌లో ఏ ముక్క ఎవరిదో కనిపిస్తుంది. తోట పోగొట్టుకున్నవాళ్ల తలుపు ఆగస్టులోనే తట్టాలి, వేట బట్టల్లో కాదు, మామూలు చొక్కాలో. చాలామంది వద్దనే అంటారు. ‘ప్రవేశం లేదు’ బోర్డున్న చోట నోటిమాట చాలదు, రాతపూర్వకంగా అనుమతి ఉండాలి. నాకు ఒప్పుకున్నావిడ తన హోస్టా మొక్కల గురించి చెప్తూ ఏడ్చినంత పని చేసింది.

హోస్ట్: ఇక హాయే కదా!

అతిథి: ఎక్కడ హాయి! బాణం తగిలిన జింక అక్కడికక్కడ పడదు. నాది కంచె దూకి పక్కింటి ట్రాంపొలీన్ పక్కన పడింది. అడక్కుండా కంచె దాటకూడదు. వీధి చుట్టూ తిరిగి వెళ్లి బెల్లు కొట్టాను. ఆయన తలుపు తీసి ముందు నా చేతుల వంక చూశాడు. రక్తం లేదులే, కడుక్కునే వెళ్లా.

హోస్ట్: తిట్టాడా?

అతిథి: ‘పిల్లలు స్కూలు నుంచి వచ్చేలోపు తీసెయ్’ అని గ్యారేజీలోంచి టార్పాలిన్ తెచ్చిచ్చాడు. అప్పట్నుంచి స్టాండ్ కట్టేముందే చుట్టూ ఇళ్లన్నీ అడిగేస్తున్నా.

హోస్ట్: మరి మా పెరట్లోకి ఎప్పుడొస్తారు?

అతిథి: నీ పెరడు ఎంత?

హోస్ట్: పావెకరం.

అతిథి: అయితే కంచె ఎత్తుగా కట్టుకో తమ్ముడూ.