రాత్రి పదకొండున్నరకు ఫైలు దానంతటదే పోవాలంటే
(మిర్యాలగూడలో రైస్ మిల్లుల కంప్యూటర్ ఆపరేటర్ల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వడ్ల లారీలు వరుస కట్టే సీజన్‌లో కూడా తీరిక చేసుకొని వచ్చారు, కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

ధర్మకాంటా దగ్గర నమోదైన లోడ్ల లెక్క రాత్రికి ఒక ఫైలవుతుంది. దాన్ని సర్వర్‌కు పంపాలి. చాలాచోట్ల ఇప్పటికీ ఎవరో ఒకరు కూర్చొని, పాస్‌వర్డ్ కొట్టి, మౌస్‌తో లాగి వదులుతున్నారు. ఆ ఒక్కరు పెళ్లికి పోతే ఆ రోజు లెక్క పోదు.

రోజూ కొట్టే కమాండ్లనే ఒక ఫైల్లో రాసిపెడితే అది స్క్రిప్టు. లినక్స్‌లో క్రాన్, విండోస్‌లో టాస్క్ షెడ్యూలర్ దాన్ని చెప్పిన టైముకు నడుపుతాయి. ఇక్కడిదాకా పెద్ద విద్యేమీ లేదు.

దేనితో పంపాలన్నది ముఖ్యం. ఫైళ్లను ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పంపే ఎఫ్‌టీపీ అనే పద్ధతికి 1971లో తొలి రూపం ఇచ్చింది మనవాడే, ఐఐటీ కాన్పూర్‌లో చదివి ఎంఐటీకి వెళ్లిన అభయ్ భూషణ్. అప్పటి నెట్‌వర్క్‌లో కంప్యూటర్లే కొన్ని, దొంగల భయం లేదు. అందుకే మామూలు ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ కూడా బాహాటంగా వెళ్తుంది. 1995లో ఫిన్లాండ్‌లో తన యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డుల చోరీ జరిగాక తాతూ యులోనెన్, అంతా రహస్య లిపిలోకి మార్చి పంపే ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. ఫైళ్లు పంపే ఎస్‌ఎఫ్‌టీపీ దాని మీదే నడుస్తుంది, ఫైళ్లను రెండు చోట్లా ఒకేలా ఉంచే ఆర్‌సింక్ ప్రోగ్రాంను కూడా మనం దాని మీదే నడుపుతాం. పాస్‌వర్డ్‌కు బదులు వాడే జంట కీ ఫైళ్లలో పబ్లిక్ కీ సర్వర్‌లో, ప్రైవేట్ కీ మీ దగ్గర ఉంటే స్క్రిప్టులో పాస్‌వర్డ్ రాసే పనే లేదు. ఆ ప్రైవేట్ కీని మాత్రం వాట్సాప్‌లో పంపుకోకండి, దండం పెడతాను.

ఇప్పుడు అసలు టెన్షన్. ఫైలు సగం పోయాక కరెంటు పోయిందనుకోండి. అవతలి ప్రోగ్రాం ఆ సగం ఫైలునే పూర్తి లెక్క అనుకొని చదివేస్తుంది. అందుకే ముందు తాత్కాలిక పేరుతో పంపి, మొత్తం చేరాకే అసలు పేరు పెట్టాలి. ఆర్‌సింక్ ఈ పని తానే చేస్తుంది. పార్షియల్-డిర్ ఆప్షన్ ఇస్తే, సగం చేరిన ముక్కను వేరే ఫోల్డర్‌లో ఉంచి, మళ్లీ నడిపినప్పుడు దాన్ని వాడుకుంటుంది. దాని డిలీట్ ఆప్షన్ జోలికి మాత్రం తొందరపడి పోవద్దు. పొరపాటున ఖాళీ ఫోల్డర్ చూపిస్తే సర్వర్‌లో మీరు పంపే ఫోల్డర్‌లోని పాత ఫైళ్లన్నీ తుడిచేస్తుంది. ముందు డ్రై రన్, అంటే ఏదీ మార్చకుండా ఏం జరుగుతుందో చూపే ఉత్తుత్తి నడక, చేసి చూడండి.

కమాండ్ ముగిశాక ఎగ్జిట్ కోడ్ ఇస్తుంది. సున్నా అయితే పని అయినట్టు, ఇంకేదైనా అయితే తేడా ఉన్నట్టు. అది చూడకుండా 'పంపాం' అని లాగ్‌లో రాయడం, లోడు దిగకముందే రసీదు ఇచ్చినట్టు. ఫెయిలైతే మెసేజ్ రావాలని అందరూ రాస్తారు. కానీ కంప్యూటరే ఆఫ్‌లో ఉంటే ఆ మెసేజ్ ఎవరు పంపుతారు? నన్నడిగితే ఈ కాపలా సర్వర్ వైపు ఉండాలి. పన్నెండు దాటినా ఫైలు రాకపోతే సర్వరే మీ ఫోన్‌కు చెప్పాలి.

ఇక ల్యాప్‌టాప్‌లు తెరవండి, కీల జతతో మొదలుపెడదాం.