పన్నెండు వేళ్ళ పేగు

శ్రోతలకు నమస్కారం.

నెదర్లాండ్స్‌లో జ్వరం, దగ్గు, ఆయాసంతో వెళ్ళిన మనిషిని పరీక్షించి డాక్టరు ‘లోంగ్‌ఓంట్‌స్టేకింగ్’ అంటారు. మనకు నోరు తిరగదు గానీ డచ్ వాళ్ళకది ఇంట్లో మాటే. లోంగ్ అంటే ఊపిరితిత్తి. ఓంట్‌స్టేకింగ్ అంటే నిప్పు అంటుకోవడం, రగులుకోవడం; జబ్బుల విషయంలో వాపు. ఊపిరితిత్తి రగులుకుంది, అంతే! మన డాక్టర్లు నిమోనియా అనేదీ, ఊళ్ళో పెద్దవాళ్ళు నెమ్ము చేసిందనేదీ దీన్నే.

ఆ ‘ఓంట్‌స్టేకింగ్’ ఒక్కటి పట్టుబడితే చాలా జబ్బుల పేర్లు వాటంతటవే విడిపోతాయి. దాని ముందు మెదడు పొర అనే మాట చేరిస్తే మెనింజైటిస్. గుడ్డి పేగు చేరిస్తే అపెండిసైటిస్. పేగుకు కళ్ళెక్కడివని నవ్వొస్తుంది. ఒక కొస మూసుకుపోయి ఉంటుంది కాబట్టి గుడ్డిది. అసలు వాచేది ఆ పేగు కాదు, దానికి వేలాడే చిన్న తోక. వాడుకలో ఆ తేడా పోయింది. ఇక ఆస్పత్రిని ‘జీకన్‌హౌస్’ అంటారు, రోగుల ఇల్లు.

అన్నిటిలోకీ నాకిష్టమైనది డుయోడినమ్ పేరు. జీర్ణాశయం దాటగానే మొదలయ్యే పేగు అది. డచ్‌లో ‘పన్నెండు వేళ్ళ పేగు’ అంటారు. వేళ్ళు పక్కపక్కన ఆనించి కొలిస్తే పన్నెండు వేళ్ళ వెడల్పు, సుమారు 25 సెంటీమీటర్లు. కొలత సరిగ్గానే ఉంది. అయితే ఇది డచ్ వాళ్ళ సొంత ఊహ కాదు. అలెగ్జాండ్రియాలో శవాలను కోసి చూసిన గ్రీకు వైద్యుడు హీరోఫిలస్ క్రీస్తుపూర్వమే దానికి పన్నెండు వేళ్ళని పేరు పెట్టాడు. డుయోడినమ్‌లో ఉన్నదీ ఆ లాటిన్ పన్నెండే. గంభీరంగా వినిపించే వైద్యపదాలు ఎన్నో అవి పుట్టిన భాషలో ఇలాంటి మామూలు మాటలే. డచ్ వాళ్ళు ఆ అర్థాన్ని తమ భాషలోకి తెచ్చుకున్నారు, మిగతా ప్రపంచంలో చాలామందిమి శబ్దాన్ని మాత్రం తెచ్చుకున్నాం.

అక్కడి డాక్టర్లకు లాటిన్ రాదని కాదు. తమలో తాము రాసుకునే ఉత్తరాల్లో న్యుమోనియా, అపెండిసైటిస్ అనే రాసుకుంటారు. రోగి వైపు తిరిగేసరికి మాట మారుతుంది. అది మర్యాద అని నా నమ్మకం. తన ఒంట్లో ఏ భాగానికి ఏమైందో పేరులోనే తెలిసిన మనిషి, ‘ఎడమ వైపా, కుడి వైపా? ఎన్నాళ్ళకు తగ్గుతుంది?’ అని అడగగలడు.

తేలిక మాట ఒక్కోసారి దారి తప్పిస్తుంది కూడా. మధుమేహాన్ని డచ్‌లో ‘చక్కెర జబ్బు’ అనేవారు, మనం షుగర్ అన్నట్టే. చక్కెర తినడం వల్లే వచ్చిందనుకుంటే తిండితో సంబంధం లేకుండా వచ్చే టైప్ 1 మధుమేహం ఉన్న చిన్న పిల్లవాడికి ఎంత అన్యాయం! ఇప్పుడు అక్కడ కూడా డయాబెటిస్ అనే మాటే ఎక్కువగా వినిపిస్తోంది.

అక్కడ ఎవరైనా ముందు వెళ్ళేది ‘హౌస్‌ఆర్ట్స్’ దగ్గరికి, అంటే ఇంటి వైద్యుడి దగ్గరికి. మామూలుగా ఆయన ఉత్తరం ఇస్తేనే స్పెషలిస్టును కలవడం. ఈ ఇంటి వైద్యుల సంఘమే జనం కోసం 2012లో ‘థౌస్‌ఆర్ట్స్’ అనే వెబ్‌సైటు పెట్టింది. అందులో లోంగ్‌ఓంట్‌స్టేకింగ్ దగ్గరికి వెళితే అదేమిటో, ఇంట్లో ఏం చెయ్యాలో, ఎప్పుడు ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు ఫోన్ చెయ్యాలో చిన్న చిన్న వాక్యాల్లో ఉంటుంది.