అభిమానించే మనిషి ఎదుట కూర్చున్నప్పుడు

మిత్రులారా, పత్రికల్లోకి, రేడియోలోకి, వీడియో రంగంలోకి అడుగుపెడుతున్న మీ అందరితో ఇక్కడ హనుమకొండలో మాట్లాడే అవకాశం రావడం నాకు చాలా సంతోషంగా ఉంది. ఇంటర్వ్యూ గురించి మనం వినే పాఠాలలో ఎక్కువ భాగం ఎదుటివారిని ఎలా నిలదీయాలి, దాచిన మాటను ఎలా రాబట్టాలి అన్న వాటి చుట్టే తిరుగుతాయి. చిన్నతనం నుంచి గుండెల్లో పెట్టుకున్న మనిషి ఎదుట కూర్చోవలసి వచ్చినప్పుడు ఏం చేయాలన్న విషయం అంతగా చర్చకు రాదు. నా దృష్టిలో అది అన్నిటికన్నా కష్టమైన ఇంటర్వ్యూ. మన ఓరుగల్లు ప్రాంతానికి అన్నిటికన్నా అవసరమైనది కూడా అదే.

అవసరమని ఎందుకంటున్నానంటే, కాళోజీ నారాయణరావు 2002లో, ఆచార్య జయశంకర్ 2011లో, మల్లన్న వంటి దేవుళ్ల కథలను డోలు దరువుతో ఆడి పాడే ఒగ్గుకథకు పెద్దదిక్కుగా నిలిచిన చుక్క సత్తయ్య 2017లో, నేరెళ్ల వేణుమాధవ్ 2018లో మనల్ని విడిచి వెళ్లారు. కాళోజీ కవిత్వం అచ్చులో ఉంది, ఎప్పుడైనా తెరిచి చదువుకోవచ్చు. ఒగ్గుకథకు ఆ వెసులుబాటు లేదు. అది చెప్పే మనిషి గొంతులో, కాళ్ల గజ్జెల్లో, డోలు కొట్టేవారితో ఏళ్ల తరబడి కుదిరిన సైగల్లో ఉంటుంది. ఆ మనిషిని సరిగా అడిగి తెలుసుకోకపోతే అందులో చాలా భాగం ఆయనతోపాటే పోతుంది.

సంక్రాంతికి మొదలై ఉగాది దాకా సాగే ఐనవోలు జాతరకు మా ఇంటిల్లిపాదీ పోయేవాళ్లం. అక్కడ ఒగ్గుకథగా మల్లన్న కథ చెప్పే ఒక పెద్దాయనను చూస్తూ నేను పెరిగాను. చాలా ఏళ్ల తరువాత ఆయనను ఇంటర్వ్యూ చేయడానికి జనగామ వైపు ఒక ఊరికి వెళ్లిన రోజున, ప్రశ్నలన్నీ రాసి పెట్టుకున్నా, రికార్డర్‌ను ఒకటికి రెండుసార్లు పరీక్షించుకున్నా, ఆయన వాకిట్లో అడుగుపెట్టగానే నా గొంతు తడారిపోయింది. ఆయన మంచం మీద కూర్చొని, "అడుగు బిడ్డా, ఏం అడుగుతవో అడుగు" అన్నారు. ఆ మాటలోని చనువు చూసి ధైర్యం రావాలి కదా, నాకు మాత్రం బెరుకు ఇంకా పెరిగింది.

ఆ బెరుకు తప్పని నేను అనుకోను. ఎదుటి మనిషి విలువ తెలిసినవారికే అది కలుగుతుంది. దానిని అణచుకోవడం కన్నా, దాని చూపును మన మీది నుంచి తీసి ఆయన పని మీదికి మళ్లించడం మేలు. ఆయన నన్ను ఏమనుకుంటారో అన్న ఆలోచన ఉన్నంత సేపూ గొంతు వణుకుతుంది. ఆయన ఆ పని ఎలా చేస్తారో తెలుసుకోవాలన్న కోరిక బలపడిన కొద్దీ మనం మనకు గుర్తు రావడం మానేస్తాం.

అందుకే మొదటి ప్రశ్నను చాలా ఆలోచించి ఎంచుకోవాలి. "మీరు ఈ కళలోకి ఎలా వచ్చారు?" అన్న ప్రశ్నకు ప్రతి కళాకారుడి దగ్గరా అరిగిపోయిన జవాబు ఒకటి ఉంటుంది. మట్టెవాడలో పుట్టి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న వేణుమాధవ్ గారి వంటి ధ్వన్యనుకరణ కళాకారుడు ఎదురైతే ఎవరికైనా ఫలానా నటుడి గొంతు చేసి చూపించమనే అడగాలనిపిస్తుంది. ఒక కొత్త గొంతును ఆయన మొదట ఎలా వింటారు, శ్వాసను గమనిస్తారా, మాట విరుపును గమనిస్తారా అని అడిగితే ఆ కళ తలుపు తెరుచుకుంటుంది. అటువంటి ప్రశ్న అభిమాని మాత్రమే అడగగలడు, ఎందుకంటే వాళ్ల పనిని అన్నాళ్లూ దగ్గరగా చూసినవాడు అతడే.

నేను రాసుకున్న కాగితం పక్కన పెట్టి, తెల్లవారుజాము వేళ కథ మధ్యలో డోలును ఉన్నట్టుండి ఎందుకు ఆపిస్తారని అడిగాను. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి, మోకాలి మీద వేళ్లతో దరువు వేస్తూ వేస్తూ ఆపారు. "సప్పుడుకు నిద్రవడ్తరు బిడ్డా, సప్పుడు ఆగితె కండ్లు తెరుస్తరు" అన్నారు. తరువాత తనంతట తానే లేచి, భుజం మీది కండువా నెత్తిన కప్పుకొని మల్లన్న భార్య గొల్ల కేతమ్మ అయ్యారు. అదే కండువాను మళ్లీ భుజాన వేసుకొని మల్లన్న అయ్యారు. కేతమ్మగా ఉన్నప్పుడు ఆయన మడమలు నేలకు పూర్తిగా ఆనడం లేదని నాకు ఆనాడే తెలిసింది. జాతరలో జనం మధ్య నుంచి చూసినప్పుడు అది ఎన్నడూ కనబడలేదు.

అభిమానం ఉన్నచోట కష్టమైన ప్రశ్న అడగకూడదనే వాదనను నేను ఒప్పుకోను. రాత్రంతా కథ చెబితే వచ్చే డబ్బు మేళంలో అందరికీ పంచాక చేతికి ఎంత మిగులుతుంది, కొడుకులు ఎందుకు నేర్చుకోలేదు అన్న ప్రశ్నలు అడగకుండా వచ్చేస్తే మనం ఆయన బతుకును వదిలేసి ఆయన పేరును మాత్రమే తెచ్చుకున్నట్టు. నేను అడిగినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. అటువంటప్పుడు ఇంకో ప్రశ్న వేసి ఆ ఖాళీని పూడ్చాలని నోరు ఆరాటపడుతుంది, ఆపుకోవాలి. చివరికి ఆయన, కొడుకులు కాదనలేదని, "పిలిచేటోళ్లే తక్కువైన్రు" అని చెప్పారు.

రాసేటప్పుడు ఆ మాటను "పిలిచేవారు తగ్గిపోయారు" అని దిద్దకండి. కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటూ, మిగతా రోజుల్లో మన పెద్దల నోటి మాటను పుస్తక భాషలోకి మార్చి అచ్చు వేయడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇంకొక పని కూడా చేయండి. రికార్డు చేసినది ఆ మనిషికి వినిపించండి. మేమిద్దరం పక్కపక్కన కూర్చొని వింటుంటే పెద్దాయన మధ్యలో ఆపించి, మల్లన్న పెండ్లిలో ఒక ముక్క మరిచిపోయానని, "మళ్ల ఎక్కించుకో" అని ఆ ఘట్టమంతా మొదటి నుంచి పాడారు. మొదటి రికార్డులో లేని రెండు చరణాలు ఈ రెండోసారి దొరికాయి.