పిలకాయలతో పెరటి తోట: మెంతికూర నుంచి చెనక్కాయ దాకా

అందరికీ నమస్కారం.

పిల్లలతో తోట వేయిద్దామని చాలామంది టమాటా నారుతో మొదలుపెడతారు. నాటిన రోజు నుంచి కాయ ఎర్రబడేదాకా రెండు నెలలు దాటుతుంది. నాలుగైదేళ్ల బిడ్డ అన్నాళ్లు ఆగదు. మొదటి పంటకు మెంతులు తీసుకోండి. వంటింటి డబ్బాలోవే చాలు. రాత్రి నానబెట్టి పొద్దున చల్లితే మూడు నాలుగు రోజుల్లో మొలుస్తాయి, మూడు నాలుగు వారాల్లో పప్పులోకి ఆకు వస్తుంది. అంగట్లో కొనే విత్తనాలకు గులాబీ రంగో నీలం రంగో పూసి ఉంటే అది తెగుళ్ల మందు. వాటిని పిల్లల చేతికి ఇవ్వకండి.

తిరుపతిలో దీనికి మంచి అదను కార్తీకం వానలు తగ్గాక, నవంబరు ఆఖర్లో. అప్పుడు వేస్తే ఎండలు ముదరకముందే పంట చేతికొస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీది తొట్టి కాగిపోయి వేర్లు దెబ్బతింటాయి.

మన ఎర్రమట్టితో ఒక చిక్కుంది. తడిసి ఆరితే పైన పెచ్చు కడుతుంది, లేత మొలక దాన్ని చీల్చుకుని రాలేదు. అందుకని మట్టి రెండు పాళ్లు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలపండి. ఎరువును నలిపితే పొడిగా రాలాలి, పేడ వాసన రాకూడదు. పచ్చి పేడ వేస్తే ఆ వేడికి మొలక మాడుతుంది, వేరుపురుగు కూడా చేరుతుంది.

ఇక నీళ్లు. పిల్లలకు మహా ఇష్టమైన పని ఇదే, మొక్కలు ఎక్కువగా పాడయ్యేదీ ఇక్కడే. చెంబు ఇస్తే గింజలు కొట్టుకుపోతాయి. లీటరు సీసా మూతకు సూదితో పది పన్నెండు బెజ్జాలు చేసి ఇవ్వండి. పోసేముందు వేలు రెండు కణుపుల దాకా మట్టిలో దించమనండి. తడి తగిలితే ఆ రోజుకు నీళ్లు వద్దు. తొట్టి కింది పళ్లెంలో నీళ్లు నిలిస్తే దోమ గుడ్లు పెడుతుంది, ఎప్పటికప్పుడు పారబోయండి.

మెంతికూర ఒక విడత కోసుకున్నాక అసలు పంటకు వద్దాం. అది చెనక్కాయ. మన జిల్లాల బిడ్డకు ఇంతకన్నా మంచి పాఠం లేదు. నారాయణి, ధరణి రకాలు తిరుపతి వ్యవసాయ పరిశోధన స్థానంలో రూపొందినవే. అడుగు లోతు, అడుగున్నర వెడల్పు తొట్టిలో మూడు మొక్కలు పడతాయి. వేయించని కాయల్ని విత్తే రోజే చేత్తో వలిపించండి. ఎర్రపొర చిట్లిన గింజ కుళ్లుతుంది, పక్కన పెట్టండి. గింజకూ గింజకూ జానెడు ఎడం, రెండు అంగుళాల లోతు ఉండాలి. ఉడతలు తవ్వకుండా మొలకలు పైకొచ్చేదాకా తొట్టిపై వల కప్పండి.

నెల తిరిగేసరికి పసుపు పూలు పూస్తాయి. పొద్దున విచ్చుకున్న పువ్వు మధ్యాహ్నానికి వాడుతుంది. వారం గడిచాక అక్కడినుంచి సూదిలాంటి ఊడ బయల్దేరి నేలకు వంగి, మట్టిలోకి దిగుతుంది. దాని కొసనే కాయ ఊరుతుంది. రోజూ ఒకే ఊడను బిడ్డకు చూపించండి, కొస ఊదారంగులో ఉంటుంది. ఊడలు దిగేముందే మట్టిని గుల్ల చేసి, తొట్టికి రెండు చిన్న చెంచాలకు మించకుండా, సున్నం అందించే జిప్సం పొడి కలపండి. పొలంలో ఎకరాకు 200 కిలోలు వేస్తారు, అంటే చదరపు మీటరుకు సుమారు 50 గ్రాములు. కాయ తనకు కావలసిన సున్నాన్ని నేరుగా చుట్టూ ఉన్న మట్టినుంచే తీసుకుంటుంది. అది చాలకపోతే కాయలు లొట్టబోతాయి. ఊడలు దిగాక మట్టి కదిలించకూడదు, కలుపును చేత్తో మెల్లగా పీకాలి.

పేనుబంక కనిపిస్తే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం చల్లండి. ఆ పని పెద్దవాళ్లదే. పెరట్లో గన్నేరు, ఉమ్మెత్త, ఆముదం ఉంటే పిల్లలు మసిలే తావునుంచి తీసేయండి, అవి విషం. పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగించండి.

110 రోజులు దాటాక ఒక మొక్క పీకి కాయ పగలగొట్టండి. పెంకు లోపలివైపు నల్లబడి ఉంటే పంట ముదిరినట్టు. పచ్చికాయలు ఉప్పువేసి ఉడికించుకోవచ్చు. ఐదేళ్లలోపు పిల్లలకు మాత్రం గింజ నలిపి పెట్టండి, గొంతులో అడ్డుపడుతుంది. విత్తనానికి ఉంచేవి ఊపితే గలగలమనేదాకా ఆరబెట్టి, పెంకుతోనే దాచండి. బూజు పట్టినవి పారేయండి, ఆ బూజులోని విషం వేయించినా పూర్తిగా పోదు.