పడిపోయిన చేతికి పని చెప్పండి

శ్రోతలకు నమస్కారం. పక్షవాతం వచ్చి నెలలు గడిచినవారిని చూడటానికి శ్రీకాకుళం చుట్టుపక్కల ఊళ్లకు వెళ్తుంటాను. పెద్దాయన అరుగు మీద కూర్చుని ఉంటారు. పడిపోయిన చెయ్యి ఒళ్లో ఉంటుంది. కోడలు అన్నం కలిపి పెడుతుంది, కొడుకు చొక్కా తొడుగుతాడు. "రోజూ నూనెతో మర్దన చేయిస్తున్నామండీ" అంటారు. మర్దన వల్ల ఒంటికి హాయి కలగవచ్చు, కదలిక రాదు. ఇక పావురం రక్తం పూయడమంటారా, ఆ పావురం ప్రాణం పోవడం తప్ప ఎవరికీ ఒరిగేదేమీ లేదు.

దెబ్బ తగిలింది చేతికి కాదు, మెదడుకు. పాడైన భాగం చేసే పనిని మిగిలిన భాగాలు కొంతవరకు నేర్చుకోగలవు, కానీ ఆ చేత్తో పని చేయిస్తేనే. మొదట్లో అది కదలదు కనుక అన్నీ మంచి చెయ్యే చేసేస్తుంది. తరువాత కాస్త శక్తి వచ్చినా, దాన్ని వాడాలన్న ధ్యాసే పోతుంది. అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టాబ్ కోతుల మీద చేసిన ప్రయోగాల్లో ఈ సంగతి గమనించారు. మంచి చేతికి తొడుగు వేసి, బలహీనమైన చేత్తోనే రోజూ గంటల తరబడి పనులు చేయించే పద్ధతి అక్కడి నుంచే పుట్టింది. 222 మందితో జరిపిన ఒక పరిశోధన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. రెండు వారాలు ఇలా సాధన చేసినవారికి చేతి వాడకం మెరుగుపడింది, ఏడాది తరువాతా ఆ మేలు నిలిచింది.

ఇది అందరికీ పనికిరాదు. మణికట్టు, వేళ్లు కొంచెమైనా పైకి లేవాలి. నడిచేటప్పుడు తొడుగు తీసేయాలి, లేకపోతే తూలినప్పుడు పట్టుకోవడానికి చెయ్యి ఉండదు. ఫిజియోథెరపిస్టు చూడకుండా మొదలుపెట్టవద్దు.

చెయ్యి బొత్తిగా కదలనివారికి అద్దం ఉంది. రెండు చేతుల మధ్య నిలువుగా పెట్టి, మంచి చెయ్యి ఆడిస్తూ దాని ప్రతిబింబాన్నే చూడాలి. పడిపోయిన చెయ్యే ఆడుతున్నట్టు కనిపిస్తుంది. మన దేశంలో పుట్టిన నాడీశాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ ఆలోచన ఇది. ఖర్చు అద్దం వెల మాత్రమే.

ఏ పని చేయించాలి? అందరూ రబ్బరు బంతి కొని పిసికిస్తారు. బిగుసుకుపోయిన వేళ్లకు ముడవడం తెలుసు, విప్పడమే రాదు. అందుకే నేను బంతి కంటే పనినే నమ్ముతాను. పలాస వైపు ఇళ్లలో జీడిపప్పు ఒక గిన్నెలోంచి మరో గిన్నెలోకి ఒక్కొక్కటిగా వేయిస్తాను. పొందూరులో నూలు వడికే ఇల్లయితే రాట్నం ముందు కూర్చోబెడతాను. తువ్వాలు మడత పెట్టడం, బల్ల తుడవడం, చెంబు ఎత్తి దించడం, ఏదైనా సరే. పదిసార్లతో సరిపెట్టుకుంటే లాభం లేదు, లెక్క వందల్లోకి పోవాలి. అలసిపోతే ఆగి మళ్లీ చేయవచ్చు. కోడలు గారు మాత్రం కాస్త ఓపిక పట్టి, ఆయన చొక్కా ఆయన్నే తొడుక్కోనివ్వాలి.

మంచం మీద నుంచి లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టుకుని లాగకండి. కండరాలు వదులైన భుజం కీలు జారిపోతుంది, ఆ నొప్పితో సాధన అంతా ఆగిపోతుంది. నడుము దగ్గర పట్టుకుని లేపండి, కూర్చున్నప్పుడు చేతి కింద దిండు పెట్టండి.